ఘర్‌పట్టీ (ఇంటిపన్ను) రెట్టింపు చేస్తూ నోటీసు వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న ఇది: మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక నగర పరిషత్తు ఊరు. నాన్న కట్టిన స్లాబు ఇల్లు (20 ఇంటూ 30 అడుగులు), ముందర రేకుల వరండా (20 ఇంటూ 8), వెనక రేకుల గొడ్ల కొట్టం (10 ఇంటూ 8). 12 ఇంటూ 10 ముందు గదిలో కుట్టుమిషను, గోడకు చిన్న బోర్డు ఉన్నాయి. పోయినేడు ఇంటిపన్ను 1,050 రూపాయలు. ఇప్పుడు మరాఠీలో ఒక నోటీసు ఇంటికి ఇచ్చిపోయారు, అందులో విస్తీర్ణం 78 చదరపు మీటర్లు, పన్ను 2,166 అని ఉంది. ఆంధ్రలో ఏడాదికి 15 శాతం మించి పెంచరట కదా, ఇక్కడ ఇట్లా ఎట్లా పెంచుతారు? బిల్లు వచ్చేదాకా ఆగి, అప్పుడు కట్టకుండా ఉంటే ఏమవుతుంది?

బిల్లు వచ్చేదాకా ఆగకండి. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. మీ చేతికి వచ్చింది బిల్లు కాదు, పెంపు ప్రతిపాదన. ఇది ఇంకా ఖాయం కాలేదు. దాని మీద అభ్యంతరం రాసిచ్చేందుకు చట్టం 30 రోజులు ఇస్తుంది. ఆ 30 రోజుల్లో కాగితం పెట్టినవాళ్లకే తర్వాత అపీలు దారి కూడా తెరిచి ఉంటుంది. పెట్టకపోతే, బిల్లు వచ్చాక మీ వాదనలో ఎంత న్యాయం ఉన్నా వినే చోటు దాదాపు ఉండదు. ప్రతి నాలుగేళ్లకోసారి వందల కుటుంబాలు నష్టపోతున్నది ఇక్కడే. పన్ను ఎక్కువ వేశారని తెలుసు, కోపం ఉంది, కానీ నోటీసు మరాఠీలో ఉండటంతో దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించి బిల్లు కోసం చూస్తారు.

మన దగ్గర నగర పరిషత్తులు, నగర పంచాయతీలు 1965 నాటి మహారాష్ట్ర నగర పరిషత్తుల చట్టం కింద నడుస్తాయి. బల్లార్‌పూర్, రాజురా, దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్, సిరొంచ అన్నీ దీని కిందికే వస్తాయి. ఈ చట్టంలో పన్ను లెక్కల జాబితాను కనీసం నాలుగేళ్లకోసారి పూర్తిగా తిరగరాయాలి. మరాఠీలో దాన్ని 'చతుర్థ వార్షిక్ కర్ ఆకారణీ' అంటారు. మీ నోటీసు పైభాగంలో ఆ మాట ఉంటుంది చూడండి. పెంపు ఏటా కొంచెం కొంచెం కాకుండా ఒక్కసారిగా మీద పడటానికి అసలు కారణం ఈ నాలుగేళ్ల ఎడం. మధ్యలో ఒక విడత తిరగరాయకుండా వదిలేస్తే ఎనిమిదేళ్ల పెరుగుదల ఒకే కాగితంలో వస్తుంది.

ఆంధ్రప్రదేశ్ సంగతి వేరు. అక్కడ 2020 చివర్లో చట్టం మార్చి, 2021-22 నుంచి ఆస్తి విలువ మీద పన్ను వేస్తున్నారు. కొత్త లెక్క ఎంత వచ్చినా పాత పన్ను మీద పెంపు 15 శాతం దాటకుండా గీత గీశారు. అమెరికాలో కాలిఫోర్నియా 1978లో 'ప్రపొజిషన్ 13' పేరుతో ఇంకా గట్టి గీత గీసుకుంది. ఇల్లు చేతులు మారనంత కాలం లెక్కలోని విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. దాని వల్ల పక్కపక్కనే ఉన్న ఒకే తీరు ఇళ్లకు పన్నులో ఎంతో తేడా వచ్చిందన్న విమర్శ కూడా ఉంది. ముంబైలో 500 చదరపు అడుగుల లోపు ఇళ్లకు 2022లో పన్ను మాఫీ చేశారు. అది ముంబై మహానగర పాలికకే. వాట్సాప్‌లో తిరిగే ఆ వార్తను పట్టుకుని మన నగర పరిషత్తుకు పోతే లాభం లేదు. అద్దె విలువ మీద పన్ను వేసే మన పరిషత్తుల్లో 'ఇంత శాతం మించరాదు' అనే అలాంటి గీత మీద ఆధారపడలేం. పెంపును తగ్గించుకునే దారులు రెండే. మీ ఇంటి లెక్కలోని తప్పులు దిద్దించడం మొదటిది, ఊరంతా కలిసి పన్ను శాతాన్ని తగ్గించమని పరిషత్తును అడగడం రెండోది. మొదటిది మీ ఒక్కరి చేతిలో పని, త్వరగా తేలుతుంది. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

నోటీసును ముందు పెట్టుకుని చదవండి. మరాఠీ మాటలకు అర్థాలు ఇవి. 'మాలమత్తా క్రమాంక్' అంటే ఇంటి నంబరు. కొత్త సర్వేలో నంబర్లు మారతాయి కాబట్టి పాతదీ కొత్తదీ రెండూ చూసుకోవాలి. 'భోగవటాదార్' అంటే ఇంట్లో ఉంటున్నవాళ్లు, 'భాడేకరూ' అంటే కిరాయిదారు. 'వాపర్' అంటే వాడకం. ఆ గడిలో 'నివాసీ' అని ఉంటే నివాసం, 'బిగర్ నివాసీ' అని ఉంటే నివాసం కానిది, అంటే దుకాణమో గోదామో. 'బాంధకామాచా ప్రకార్' అంటే కట్టడం రకం. 'క్షేత్రఫళ్' విస్తీర్ణం, 'కరయోగ్య మూల్య' పన్ను వేసే విలువ, 'హర్కత్' అభ్యంతరం, 'సునావణీ' విచారణ, 'థక్‌బాకీ' పాత బాకీ, 'శాస్తి' జరిమానా.

లెక్క కట్టే తీరు ఇలా ఉంటుంది. మీ ఇల్లు కిరాయికి ఇస్తే ఏడాదికి న్యాయంగా ఎంత వస్తుందో ముందు తేలుస్తారు. దీని కోసం ప్రాంతాన్ని బట్టి, కట్టడం రకాన్ని బట్టి చదరపు మీటరుకు నెలకు ఇంత అని ఒక రేట్ల పట్టిక ఉంటుంది. దాన్ని విస్తీర్ణంతోనూ 12తోనూ గుణిస్తారు. అందులోంచి మరమ్మతుల కింద 10 శాతం తీసేస్తారు. మిగిలింది కరయోగ్య మూల్యం. దాని మీద పరిషత్తు నిర్ణయించిన శాతం పన్నుగా పడుతుంది.

మీరు రాసిన కొలతలతోనే లెక్క వేసి చూపిస్తాను. రేట్లు, శాతం అర్థం కావడానికి, మీ నోటీసు అంకెకు సరిపోయేట్టు నేను పెట్టుకున్నవి, మీ ఊరి పట్టికలో ఏమున్నాయో చూసుకుని మార్చుకోండి. స్లాబుకు చదరపు మీటరుకు నెలకు 9 రూపాయలు, రేకులకు 4, నివాసం కానిదానికి 18, పన్ను 25 శాతం అనుకుందాం. స్లాబు ఇల్లు 20 అడుగులు, 30 అడుగులు, అంటే 600 చదరపు అడుగులు. ఒక చదరపు మీటరంటే 10.764 చదరపు అడుగులు కాబట్టి ఇది 55.7 చదరపు మీటర్లు. రేకుల వరండా 20 ఇంటూ 8, అంటే 14.9 మీటర్లు. వెనక కొట్టం 10 ఇంటూ 8, అంటే 7.4. అన్నీ కలిపితే సరిగ్గా 78. సర్వేవాళ్లు వేసిన విస్తీర్ణం కూడా 78 అని మీరు రాశారు. అంటే కొలత తప్పు కాదు, మొత్తం 78 మీటర్లనూ స్లాబు కింద రాసేసినట్టున్నారు. పైగా ముందు గదిలో కుట్టుమిషను, గోడకు చిన్న బోర్డు ఉన్నాయన్నారు. ఆ 12 ఇంటూ 10 గది, అంటే 11.15 మీటర్లు, 'బిగర్ నివాసీ' గడిలోకి పోయినట్టుంది.

వాళ్ల లెక్క ప్రకారం 78 ఇంటూ 9 ఇంటూ 12, అది 8,424. దుకాణం అన్నందుకు ఆ గదికి ఇంకో 1,204. మొత్తం 9,628. పది శాతం పోతే 8,665. అందులో 25 శాతం 2,166. మీ నోటీసులో ఉన్న అంకె ఇదే.

సరైన లెక్కలో స్లాబు 55.7 మీటర్లకు 6,016, రేకులు కలిపి 22.3 మీటర్లకు 1,070, మొత్తం 7,086. పది శాతం తీస్తే 6,377. పన్ను 1,594. తేడా 572 రూపాయలు. నాలుగేళ్లకు 2,288. పైన పడే సెస్సులు వేరు. అవి కూడా ఇదే విలువ మీద పడతాయి కాబట్టి అవీ తగ్గుతాయి. 1,050 నుంచి 1,594కు పెరగడం కొత్త రేట్ల వల్ల. దాని సంగతి కింద చెబుతాను.

కుట్టుమిషను గురించి ఒక మాట. ఇంట్లోవాళ్లు తమ ఇంటి గదిలో కూర్చుని బట్టలు కుట్టడం ఒకటి, రోడ్డు వైపు షటర్ పెట్టి అమ్మకం నడపడం ఒకటి. మీది మొదటిదైతే ఆ మాటే రాయండి, ఫొటో పెట్టండి. నిజంగా షటర్ ఉంటే ఆ గది మీద వాదించొద్దు, మిగతా వాదన కూడా బలహీనపడుతుంది.

దుకాణం కింద వేశారో లేదో తెలుసుకోవడానికి ఇంకో గుర్తు ఉంది. బిల్లులో 'రోజ్‌గార్ హమీ కర్' అనే వరుస చూడండి. ఉపాధి హామీ సెస్సు ఇళ్లకు ఉండదు, నివాసం కాని కట్టడాలకే ఉంటుంది. నివాసం ఇంటి బిల్లులో ఆ వరుసలో ఒక్క రూపాయి ఉన్నా ఎక్కడో ఒక గది వాణిజ్యంలో పడిందని అర్థం. 'శిక్షణ్ కర్' మాత్రం ఇళ్లకూ ఉంటుంది. అది మెట్లు మెట్లుగా పెరుగుతుంది కాబట్టి విలువ ఒక మెట్టు దాటితే శాతం కూడా మారుతుంది.

సర్వేలో మామూలుగా దొర్లే తప్పులు ఇంకొన్ని ఉన్నాయి. అడుగులను మీటర్ల గడిలో రాయడం చాలా పెద్ద తప్పు, దానితో విస్తీర్ణం పదింతలు దాటుతుంది. అంకె చూడగానే తెలిసిపోతుంది కాబట్టి ఇది త్వరగా దిద్దుబాటవుతుంది. రెండోది, బయటి గోడల నుంచి కొలిచి పక్క ఇంటి ఉమ్మడి గోడను కూడా కలపడం. డ్రోను బొమ్మ మీద గీతలు గీసినచోట చూరు అంచు దాకా లెక్కలోకి వస్తుంది. పెంకుటిళ్లకు చూరు రెండడుగులు బయటికి ఉంటుంది, నాలుగు వైపులా కలిస్తే అది చిన్న విస్తీర్ణం కాదు. మూడోది, ఇల్లు కట్టిన సంవత్సరం. అది ఖాళీగా వదిలితే పాత ఇల్లు కొత్తదాని రేటులో పడుతుంది. నలభై ఏళ్ల నాటి ఇంటికి మొన్న కట్టిన ఇంటి రేటు వేస్తే అన్యాయం. కట్టిన ఏడాదికి ఆధారం లేదనుకోకండి. మహావితరణ్ కరెంటు బిల్లు మీద 'పురవఠా దినాంక్' అని కనెక్షన్ ఇచ్చిన తేదీ ఉంటుంది. ఇల్లు కనీసం అప్పటికి ఉందని దానితో తేలుతుంది. అదే బిల్లులో నివాసం టారిఫ్ అని ఉంటే వాడకం వాదనకూ పనికొస్తుంది.

నాలుగోది కిరాయిదారు గుర్తు. సర్వే రోజున ఇంట్లో చుట్టాలుంటే 'భాడేకరూ' అని రాసుకుని పోయినవి ఉన్నాయి. కిరాయికి ఇచ్చిన భాగానికి వేరే రేటు ఉన్న ఊళ్లలో దీని వల్ల పన్ను బాగా పెరుగుతుంది. ఐదోది, అన్నదమ్ముల పంపకం తర్వాత ఒకే గదికి రెండు నంబర్లు రావడం. పాత నంబరు రద్దు కాకుండా కొత్తది పుడితే, కట్టని పాత నంబరు మీద బాకీ పెరుగుతూనే ఉంటుంది.

ఆరోది, అనుమతి లేని కట్టడమని పన్నుకు రెండింతల శాస్తి వేయడం. ఇది నగర పరిషత్తు చట్టం 189-అ కింద వేస్తారు. ఇంటి అనుమతి కాగితం, అంటే 'బాంధకామ్ పరవానా', మీ దగ్గర ఉంటే దాని నకలు ఒక్కటి చాలు. లేకపోతే వాదన కష్టం. అప్పుడు కట్టడాన్ని క్రమబద్ధం చేయించుకునే దారి వేరుగా చూసుకోవాలి.

పాత బాకీని కూడా పెంపుగా పొరబడతారు. బాకీ మీద నెలకు 2 శాతం శాస్తి పడుతుంది, వెయ్యి రూపాయలు ఏడాది ఆపితే 240 అదనం. బిల్లు మొత్తం చూసి గుండె గుభేలుమనే ముందు 'చాలూ' అని రాసిన ఈ ఏటి వరుసనూ, 'మాగీల్' అని రాసిన పాత వరుసనూ విడదీసుకోండి. చెత్త రుసుము, పాణీపట్టీ (నీటిపన్ను) కూడా ఇంటిపన్ను కావు, వాటి మీద ఈ అభ్యంతరం చెల్లదు.

ఇక పని మొదలుపెట్టండి. పరిషత్తు ఆఫీసులో కరవిభాగానికి వెళ్లి ఆకారణీ జాబితా, అంటే పన్ను లెక్కల జాబితా, చూపించమనండి. యజమాని గానీ, ఇంట్లో ఉంటున్నవాళ్లు గానీ దాన్ని చూసి కావలసినవి రాసుకోవచ్చు, రుసుము లేదు. సమాచార హక్కు దరఖాస్తు వేస్తామంటారు కొందరు. దానికి జవాబు ఇవ్వడానికే 30 రోజులు గడువుంది, అప్పటికి మీ గడువు పోతుంది. నేరుగా చూడటమే మేలు. చూసేటప్పుడు మీ ఇల్లు ఒక్కటే చూడకండి. మీ గల్లీలోనే మీలాంటి నాలుగైదు ఇళ్ల విస్తీర్ణం, కట్టడం రకం, రేటు రాసుకోండి. పక్కింటి అదే వరండాకు రేకుల రేటు వేసి మీకు స్లాబు రేటు వేస్తే, దాన్ని మించిన ఆధారం మీకు దొరకదు. ప్రాంతం గడి కూడా పోల్చండి. మెయిన్ రోడ్డు మీది ఇళ్లకు పెట్టిన జోను లోపలి గల్లీ ఇళ్లకు కూడా పడిన సందర్భాలుంటాయి.

ఇంటికి వచ్చి టేపుతో కొలవండి. ఇద్దరుండాలి, టేపు వంగకూడదు. ప్రతి గదినీ విడిగా రాయండి, స్లాబు ఎక్కడ ఆగి రేకు ఎక్కడ మొదలవుతుందో అక్కడ గీత గీయండి. తెల్ల కాగితం మీద చేత్తో గీసిన పటం చాలు, ఇంజనీరు అక్కర్లేదు. దాని మీద అడుగులూ మీటర్లూ రెండూ వేయండి. టేపు కనబడేట్టు ఫొటోలు తీయండి. వరండా పైకప్పు కింది నుంచి తీసిన ఒక ఫొటో తప్పకుండా ఉండాలి. రేకు, దూలం కనబడితే ఇక మాట్లాడే పని లేదు.

దరఖాస్తు మరాఠీలో రాయించండి. తెలుగులో ఇస్తే తీసుకోరనో, తీసుకున్నా చదవరనో భయం కాదు. విచారణ రోజున అధికారి రెండు మూడు నిమిషాల్లో దాన్ని చూసి నిర్ణయం రాయాలి, కాబట్టి ఆయన చదవగల భాషలో ఉంటే మీకే మంచిది. బడిలో మరాఠీ చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లతోనే రాయించవచ్చు. దరఖాస్తు పరిషత్తు ముఖ్యాధికారి పేరిట ఉండాలి. మొదటి వరుసలో కొత్త, పాత ఇంటి నంబర్లు, వార్డు, నోటీసు నంబరు, తేదీ రాయండి. తర్వాత 'కలమ్ 119 అన్వయే హర్కత్', అంటే సెక్షన్ 119 కింద అభ్యంతరం, అని శీర్షిక పెట్టండి. ఆ కింద తప్పులు ఒక్కొక్కటి ఒక్కో వరుసలో. 'వర్‌హాండా వ గోఠా పత్ర్యాచా ఆహే, ఆర్‌సీసీ నాహీ', అంటే వరండా, కొట్టం రేకులవి, స్లాబు కాదు అని. 'సమోరచీ ఖోలీ నివాసీ ఆహే', అంటే ముందు గది నివాసానిదే అని. చివర్లో 'ప్రత్యక్ష్ జాగేవర్ ఫేర్ మోజణీ కరావీ', అంటే ఇంటి దగ్గరికి వచ్చి మళ్లీ కొలవమని. మీరు వేసిన సరైన లెక్క, చివరి అంకెతో సహా రాయండి. 'పన్ను చాలా ఎక్కువ, పేదవాళ్లం, తగ్గించండి' అని మాత్రమే రాసిన కాగితాల మీద అధికారి చేయగలిగింది ఏమీ ఉండదు. అవి ఒక్క మాటతో పక్కకు పోతాయి. ఆ బాధ నిజమే. కానీ విలువ నిర్ధారించే అధికారికి కొలత, రకం, వాడకం, వయసు, ప్రాంతం వీటి మీదే అధికారం ఉంది.

జత చేయాల్సినవి: నోటీసు నకలు, పోయిన నాలుగేళ్ల పన్ను రసీదులు, కరెంటు బిల్లు, అనుమతి కాగితం, సిటీ సర్వే జరిగిన చోట మిళకత్ పత్రిక (ఆస్తి కార్డు), పటం, ఫొటోలు. ఇల్లు ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటే మరణ ధ్రువపత్రం పెట్టి వారసులు సంతకం చేయవచ్చు. పేరు మార్పు, అంటే ఫేర్‌ఫార్, వేరే పని. అది అయ్యేదాకా అభ్యంతరం ఆపొద్దు.

రెండు ప్రతులు తీసుకుపోండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఆవక్ (ఇన్‌వర్డ్) నంబరు వేయించుకోండి. దీన్నే 'పోచ్' అంటారు. పోచ్ లేని దరఖాస్తు ఇచ్చినట్టు కాదు. కౌంటరులో 'రేపు రండి, పై సార్ లేరు' అంటే ఆగకుండా అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కాలనీవాళ్లంతా కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇవ్వడం మనవాళ్లకు అలవాటు. అది ఊరి తరఫున మంచిదే. కానీ ప్రతి ఇంటి నంబరుకూ విడిగా అభ్యంతరం ఉండాలి. సామూహిక కాగితానికి ఒకే జవాబు వస్తుంది, మీ వరండా గురించి అందులో ఏమీ ఉండదు.

విచారణ చేసేది సాధారణంగా నగర రచనా శాఖ నుంచి వచ్చే 'ప్రాధికృత్ మూల్యనిర్ధారణ్ అధికారీ', అంటే విలువ నిర్ధారించే అధికారి. పరిషత్తు గుమాస్తాతో వాదించి అలసిపోకండి, ఆయన చేతిలో లేదు. విచారణ తేదీకి పోకపోతే ఉన్న కాగితాల మీదే నిర్ణయం అయిపోతుంది. కూలికో గనికో డ్యూటీకో పోవాల్సి వస్తే ఇంట్లోవాళ్లకు అధికారపత్రం రాసిచ్చి పంపండి. మాట్లాడాల్సింది మూడు వాక్యాలు: తప్పు ఇది, ఆధారం ఇది, సరైన లెక్క ఇది. ఫొటో ముందు పెట్టండి. నిర్ణయం నకలు అడిగి తీసుకోండి.

నిర్ణయం నచ్చకపోతే కలమ్ 169 కింద మాలమత్తా కర్ (ఆస్తి పన్ను) అపీల్ సమితి ఉంటుంది. దానికి మూడు షరతులున్నాయి. బిల్లు అందిన 15 రోజుల్లో అపీలు వేయాలి, బిల్లు మొత్తం ముందుగా జమ చేయాలి, ఇంతకుముందు గడువులో అభ్యంతరం పెట్టి ఉండాలి. మొదట్లో చెప్పిన 30 రోజుల విలువ ఇక్కడ తెలుస్తుంది. డబ్బు కట్టేటప్పుడు 'హర్కత్ రాఖూన్ భరణా' అని, అంటే అభ్యంతరం నిలుపుకుంటూ కడుతున్నానని, ఒక కాగితం ఇచ్చి పోచ్ తీసుకోండి. కట్టకుండా ఆగితే ఏమవుతుందని అడిగారు. నెలకు 2 శాతం శాస్తి మొదలవుతుంది, డిమాండు నోటీసు వస్తుంది, ఆ తర్వాత జప్తు దాకా పోతుంది. అపీలు కూడా పోతుంది. కట్టి కొట్లాడటమే దారి.

గడువు ఇప్పటికే దాటినవాళ్లకు ఒక చిన్న దారి మిగులుతుంది. పొరపాటున గానీ మోసంతో గానీ జాబితాలో చేరిన తప్పును మధ్యలో దిద్దే అధికారం చట్టంలో ఉంది. అడుగులు మీటర్లయినవి, ఒక ఇంటికి రెండు నంబర్లయినవి దీని కింద అడగవచ్చు. రేటు ఎక్కువనేది మాత్రం దీని కింద రాదు.

ఇప్పుడు ఆ మిగిలిన పెంపు, అంటే 1,050 నుంచి 1,594. ఇది మీ ఒక్కరి కాగితంతో తగ్గదు. విలువను అధికారి నిర్ధారిస్తారు, దాని మీద ఎంత శాతం వేయాలో మాత్రం రాష్ట్రం పెట్టిన హద్దుల లోపల పరిషత్తు సర్వసాధారణ సభ తీర్మానిస్తుంది. ఊరివాళ్లు అడగాల్సింది ఇక్కడ. అడిగే తీరు కూడా ముఖ్యం. ఊరు మొత్తానికి పాత కరయోగ్య మూల్యం ఎంత, కొత్తది ఎంత అని ముందు అంకెలు అడగండి. మూల్యం రెట్టింపై, శాతం 25 దగ్గరే ఉంటే పన్ను రెట్టింపు. అదే శాతాన్ని 15కు దించితే ఊరి రాబడి 20 శాతమే పెరుగుతుంది. పరిషత్తుకు ఆదాయం పెరిగినట్టే ఉంటుంది, ఇళ్లవాళ్ల నడుమూ విరగదు. ఈ ఒక్క లెక్క పట్టుకుని వార్డు నగరసేవకుడి (కౌన్సిలర్) దగ్గరికి పోతే, 'పన్ను రద్దు చేయండి' అనే నినాదం కంటే వంద రెట్లు పనిచేస్తుంది. వినతిపత్రం నగరాధ్యక్షుడికీ ముఖ్యాధికారికీ ఇచ్చి, జిల్లాధికారికి నకలు పంపండి. ఎన్నికైన సభ లేకుండా ప్రశాసకుడు (ప్రభుత్వం పెట్టిన అధికారి) నడుపుతున్న కాలంలో ఆ తీర్మానం ఆయన చేతిలోనే ఉంటుంది, ఆయనకే ఇవ్వండి. బిల్లులు అచ్చు కాకముందే ఇది జరగాలి. అచ్చయ్యాక శాతం వెనక్కి తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు.

చంద్రపూర్, నాందేడ్ నగరాల్లో ఉన్నవాళ్లకు మహానగర పాలిక చట్టం 1949 వర్తిస్తుంది. పద్ధతి ఇలాంటిదే, గడువులు, సెక్షన్లు వేరు. నోటీసులో రాసిన తేదీనే పట్టుకోండి, అక్కడ పదిహేను రోజులే ఉండొచ్చు. తర్వాతి అపీలు సెక్షన్ 406 కింద కోర్టుకు పోతుంది. పాలిక పన్ను శాతాలను ఏటా ఫిబ్రవరి 20లోగా నిర్ణయించాలి కాబట్టి అక్కడ శాతం గురించి అడగదలిస్తే జనవరిలోనే కదలాలి.

పల్లెల్లో, అంటే సిరొంచ తాలూకా అంకిసా, అసరల్లి వైపు, రాజురా, కిన్వట్, బిలోలి పల్లెల్లో లెక్కే వేరు. గ్రామ పంచాయతీలు 2015 డిసెంబరులో మారిన నియమాల ప్రకారం మూలధన విలువ, అంటే ఆస్తి విలువ మీద ఘర్‌పట్టీ వేస్తాయి. స్థలానికి ప్రభుత్వ రెడీ రెకనర్ (భూమి విలువల పట్టిక) రేటు, కట్టడానికి చదరపు మీటరు ఖర్చు రేటు, ఇంటి వయసు తరుగు, వాడకం భారం (వాడకాన్ని బట్టి గుణించే అంకె) ఇందులో కలుస్తాయి. భారం నివాసానికి 1, పరిశ్రమకు 1.20, వాణిజ్యానికి 1.25. ఇక్కడ తప్పులు రెండు చోట్లే ఎక్కువ: ఇంటి వయసు, కట్టడం రకం. గ్రామ పంచాయతీ ఆఫీసులో 'నమూనా 8' ఉతారా (పన్ను రిజిస్టరు నకలు) తీసుకుని ఆ రెండు గడులు చూడండి. మట్టి గోడల పెంకుటిల్లు పక్కా ఇంటి వరుసలో ఉంటే అక్కడే అంతా తేలిపోతుంది. అభ్యంతరం గ్రామ పంచాయతీకి, అక్కడ తేలకపోతే అపీలు పంచాయతీ సమితికి. సెప్టెంబరు 30లోగా కడితే 5 శాతం సూట్ (తగ్గింపు) ఉంటుంది, మార్చి 31 దాటితే 5 శాతం జరిమానా పడుతుంది.

మాజీ సైనికులు, సైనికుల వితంతువుల కుటుంబాలకు ఒక ఇంటి మీద మాఫీ పథకం మహారాష్ట్రలో ఉంది. జిల్లా సైనిక కల్యాణ కార్యాలయం కాగితంతో విడిగా దరఖాస్తు చేసుకోవాలి, దానంతట అది బిల్లులో తగ్గదు.

మీ విషయంలో ఈ వారం చేయాల్సింది: నోటీసు మీది తేదీ చూసి 30 రోజులు ఎప్పుడు నిండుతాయో క్యాలెండరులో గుండ్రంగా గీత పెట్టండి. జాబితాలో ఆ 78 మీటర్ల పక్కన కట్టడం రకం ఏమని రాశారో, ముందు గది వాపర్ ఏమని ఉందో రాసుకుని రండి. ఆ రెండు గడులూ నేననుకున్నట్టే ఉంటే పైన వేసిన లెక్కే మీ దరఖాస్తు, మీ ఊరి రేట్లు, శాతం మార్చి రాయండి. వేరేగా ఉంటే ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, మళ్లీ లెక్క వేసి చెబుతాను.